పడమట వెలిగేది శుక్రుడేనా? పిడికిలితో తేల్చుకోండి

సూర్యుడు మునిగి పావుగంట. ఆకాశంలో నీలం ఇంకా తగ్గలేదు, వీధిదీపాలు ఇప్పుడిప్పుడే వెలుగుతున్నాయి, నక్షత్రం ఒక్కటీ బయటికి రాలేదు. పడమట మాత్రం తెల్లగా ఒకటి, కన్నార్పకుండా. విమానం అంటారొకరు, డ్రోన్ అంటారొకరు, ఫోన్ పైకెత్తి యాప్ తెరుస్తారు ఇంకొకరు. యాప్ ఆ చుక్కకు మూడు పిడికిళ్ళ అవతల శుక్రుణ్ణి చూపిస్తుంది. గొడవ మళ్ళీ మొదటికొస్తుంది.

ఆ గొడవ తీరాలంటే చుక్క ఎంత వెలుగుతోందన్నది పక్కనపెట్టి, సూర్యుడు మునిగిన చోటు నుంచి ఎంత దూరంలో ఉందో కొలవాలి. వెలుగు మోసం చేస్తుంది. మేఘం పొర, ధూళి, కళ్ళద్దాల మీది మరక, చీకటికి అలవాటు పడని కన్ను, అన్నీ దాన్ని మారుస్తాయి. దూరం అలా మారదు. శుక్రుడు భూమి కంటే సూర్యుడికి దగ్గర్లో తిరుగుతాడు కాబట్టి, మనకు సూర్యుడి నుంచి 47 డిగ్రీలకు మించి ఎప్పుడూ ఎడం జరగడు. బుధుడికైతే ఆ హద్దు 28 డిగ్రీలే. కుజుడు, గురుడు, శని ఆకాశంలో ఎంత దూరమైనా పోగలరు, సూర్యుడికి సరిగ్గా ఎదురుగానూ రాగలరు.

కొలవడానికి చెయ్యి చాలు. చేతిని పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పిడికిలి బిగించండి. చూపుడువేలి కణుపు నుంచి చిటికెనవేలి కణుపు దాకా ఉన్న వెడల్పు 10 డిగ్రీలు. పిల్లల చెయ్యి పొట్టిది, పిడికిలీ చిన్నదే, కాబట్టి లెక్క వాళ్ళకూ దాదాపు సరిపోతుంది. చిటికెనవేలి గోరు 1 డిగ్రీ, బొటనవేలు సుమారు 2. వేళ్ళు బారుగా చాపితే వచ్చే జాన 20 డిగ్రీల పైమాటే, కానీ జాన మనిషి మనిషికీ మారుతుంది, పిడికిలిని నమ్మండి. చెయ్యి మడిచి కొలవడం అందరూ చేసే పొరపాటు: మోచెయ్యి కాస్త వంగినా పిడికిలి 12, 13 డిగ్రీలు ఆక్రమిస్తుంది, లెక్క తక్కువ వస్తుంది.

సూర్యుడు మునిగిన చోటు నుంచి చుక్క దాకా పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ వెళ్ళండి. అయిదు పిడికిళ్ళలోపే చేరితే శుక్రుడు కావచ్చు. ఆరో ఏడో పట్టాయంటే ఎంత తళతళలాడినా అది శుక్రుడు కాదు. ఒక చిన్న సవరణ: మునిగిన తర్వాత కూడా సూర్యుడు దిగుతూనే ఉంటాడు, అరగంటకు దాదాపు 7 డిగ్రీలు. అందుకే ఆలస్యంగా కొలిస్తే ఆ మేరకు కలుపుకోవాలి.

ఈ ఒక్క హద్దు నుంచే మిగతావన్నీ వస్తాయి. సాయంత్రం తూర్పున పైకి లేచేది శుక్రుడు కాలేడు. అర్ధరాత్రి మన ప్రాంతంలో నడినెత్తిన ఉన్నది శుక్రుడు కాలేడు. హైదరాబాదు అక్షాంశంలో, అన్నీ కలిసొచ్చిన సీజన్లో, సూర్యుడి తర్వాత సుమారు మూడుంపావు గంటలు నిలబడడమే అతని గరిష్ఠం. రాత్రి భోజనం కానిచ్చి పదిన్నరకు డాబా ఎక్కి "శుక్రుడు కనబడలేదే" అంటే, అతను వెళ్ళిపోయి చాలాసేపయింది.

ఇక శుక్రుడిలా నటించేవాళ్ళ సంగతి. ఖగోళంలో ప్రకాశాన్ని మాగ్నిట్యూడ్‌లో చెబుతారు, అంకె ఎంత తగ్గితే వెలుగు అంత ఎక్కువ, ఒక్కో అంకెకు సుమారు రెండున్నర రెట్లు. శుక్రుడు మైనస్ 3.8 నుంచి మైనస్ 4.8 దాకా ఉంటాడు. తర్వాతి స్థానం గురుడిది, బాగా వెలిగినప్పుడు మైనస్ 2.9. ఎక్కువమంది పొరబడేది గురుడి దగ్గరే. అతనూ మిణుకుమనడు, అతనూ తెలుపే, కాస్త మీగడ రంగు కలిసిన తెలుపు. బైనాక్యులర్ ఉంటే ఒక్క క్షణంలో తేలిపోతుంది: గురుడికి అటూ ఇటూ ఒకే గీత మీద రెండు మూడు నాలుగు సూది మొనల్లాంటి ఉపగ్రహాలు కనిపిస్తాయి, శుక్రుడికి ఉపగ్రహమే లేదు. కుజుడు రెండేళ్ళకోసారి బాగా వెలుగుతాడు, రంగు నిప్పుకణికలా ఉంటుంది. 2027 ఫిబ్రవరిలో గురుడు, కుజుడు ఇద్దరూ సాయంత్రం తూర్పున లేస్తారు, అప్పుడు శుక్రుడు తెల్లవారుజాము ఆకాశంలో ఉంటాడు. ఆ నెలలో సాయంత్రం ఎవరైనా తూర్పుకు చెయ్యి చూపించి శుక్రుడన్నారంటే చెప్పాల్సిన జవాబు ముందే తెలిసిపోయింది.

ఫిబ్రవరి, మార్చి సాయంత్రాల్లో దక్షిణాన ఎత్తుగా నీలి తెలుపుతో చిందులేసేది మృగవ్యాధుడు, అంటే సిరియస్, మైనస్ 1.46. దాని కింద, దక్షిణపు అంచుకు దగ్గరగా ఉండేది అగస్త్య నక్షత్రం. ఇవి నక్షత్రాలు, ఆకాశం బాగా నల్లబడ్డాకే పూర్తిగా తేలతాయి. శుక్రుడు అంతకు చాలా ముందే వచ్చి కూర్చుంటాడు. ఆకాశం ఇంకా నీలంగా ఉండగా పడమట చుక్క కనిపించిందంటే అనుమానించాల్సినవాళ్ళు శుక్రుడు, గురుడు, అంతే.

నక్షత్రం మిణుకుమంటుంది, గ్రహం మిణుకుమనదు అని బడిలో చెబుతారు. నిజమే, కానీ సగమే. నక్షత్రం మనకు ఒట్టి బిందువు, గాలి కదిలినప్పుడల్లా ఆ బిందువు వణుకుతుంది. గ్రహం చిన్న బిళ్ళ, దానిలో ఒక చోటు వణికితే ఇంకో చోటు సర్దుకుంటుంది. అయితే దిగంతానికి 10 డిగ్రీల ఎత్తులో మనం నడినెత్తి కంటే అయిదున్నర రెట్లు మందమైన గాలిలోంచి చూస్తాం, 5 డిగ్రీల దగ్గర పది రెట్లు. అక్కడికి దిగాక శుక్రుడు కూడా ఎరుపు, ఆకుపచ్చ చిమ్ముతూ కొట్టుకుంటాడు. ఎగిరే పళ్ళెం వచ్చిందంటూ తిరిగే ఫోన్ వీడియోల్లో చాలావాటికి మూలం ఇదే: మునగబోయే శుక్రుడు, ఫోకస్ తప్పిన కెమెరా, జూమ్ చేసిన చెయ్యి వణుకు.

విమానం అనుమానం తీర్చుకోవడానికి తీగ పరీక్ష చెయ్యండి. శంషాబాద్ వైపు దిగే విమానం మనకు ఎదురుగా వస్తున్నప్పుడు దాని లైటు రెండు మూడు నిమిషాలు కదలనట్టే ఉంటుంది, చాలామందిని మోసం చేసేది అదే. పిట్టగోడ అంచుకో, కరెంటు తీగకో, కొబ్బరి మట్ట కొసకో చుక్కను ఆనించినట్టు నిలబడి, తల గోడకు చేర్చి కదలకుండా పెట్టుకోండి. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే 4 నిమిషాలకు ఒక చిటికెనవేలు. చుక్క ఆ వేగంతోనే పడమటికి, కిందికి జారితే అది ఆకాశానిది. అంతకంటే వేగంగా కదిలినా, పక్కకు జరిగినా, పైకి లేచినా మనుషులు చేసినదే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికైతే ఈ పరీక్ష అక్కర్లేదు. శుక్రుడంత వెలుగుతోనే వచ్చినా నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటేస్తుంది.

ఎక్కడ నిలబడాలన్నది అన్నిటికంటే ముఖ్యం, జనం అన్నిటికంటే తక్కువ పట్టించుకునేదీ అదే. నగరం వెలుతురు అడ్డం కాదు, హైదరాబాదు నడిబొడ్డున ట్యాంక్‌బండ్ మీద నుంచి కూడా శుక్రుడు కనిపిస్తాడు. అడ్డొచ్చేవి పక్క అపార్టుమెంటు, నీళ్ళ ట్యాంకు, వేపచెట్టు. పడమటి దిక్కున ఒక పిడికిలి ఎత్తుకు పైన ఆకాశం ఖాళీగా ఉన్న చోటు వెతుక్కోండి. విశాఖ బీచ్‌కు వెళ్ళి సముద్రం వైపు తిరిగి నిలబడేవాళ్ళుంటారు. మన కోస్తాకు సముద్రం తూర్పున ఉంది, సాయంత్రం చుక్క ఊరి వైపు, సింహాచలం కొండల వైపు దిగుతుంది. సముద్రపు అంచు తెల్లవారుజాము చుక్కకు పనికొస్తుంది.

సమయం: సూర్యుడు మునిగిన 25 నిమిషాల నుంచి 45 నిమిషాల మధ్య. అంతకు ముందైతే ఆకాశపు వెలుతురులో కన్ను అంత సులువుగా పట్టుకోలేదు, ఆ తర్వాతైతే సీజన్ మొదట్లోనూ చివర్లోనూ చుక్క అప్పటికే చెట్ల వెనక్కి పోతుంది. పత్రికలో వేసే హైదరాబాదు సూర్యాస్తమయం విశాఖలో పనికిరాదు. రేఖాంశం ఒక డిగ్రీకి 4 నిమిషాల తేడా, ఆ రెండు ఊళ్ళ మధ్య దాదాపు 5 డిగ్రీలు, అంటే విశాఖలో సూర్యుడు ఇరవై నిమిషాల ముందే దిగిపోతాడు. రుతువును బట్టి ఇది కొంత అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. శుక్రుడు సూర్యుడికి అవతల నుంచి సాయంత్రపు ఆకాశంలోకి నెమ్మదిగా వస్తాడు. ఏడు నెలలకు పైగా పైకి జరిగి గరిష్ఠ దూరానికి చేరతాడు, అక్కడి నుంచి పది వారాల్లోనే దిగి సూర్యుడికి ఇవతల మాయమవుతాడు. ఎక్కడం నిదానం, దిగడం వేగం. మొత్తం చక్రం 584 రోజులు. అయిదు చక్రాలు కలిపితే 2,920 రోజులు, ఎనిమిదేళ్ళకు రెండు రోజులు తక్కువ. కాబట్టి ఎనిమిదేళ్ళ క్రితం శుక్రుడు ఎక్కడ ఉన్నాడో ఈ ఏడాదీ దాదాపు అదే తేదీకి అక్కడే ఉంటాడు. 2018లో అక్టోబరు 26న సూర్యుడికి ఇవతలికి వచ్చాడు, 2026లో అక్టోబరు 24న. యాప్‌లూ పట్టికలూ లేకపోయినా ఈ ఎనిమిదేళ్ళ సూత్రం ఒక్కటి గుర్తుంటే జీవితాంతం సరిపోతుంది.

2026నే ఉదాహరణగా తీసుకోండి. జనవరి 6న శుక్రుడు సూర్యుడికి అవతలి వైపు ఉన్నాడు. మే మధ్యలో సూర్యుడి నుంచి 31 డిగ్రీల ఎడం. మే నెలలో మనకు గ్రహాలు నడిచే దారి దాదాపు నిట్టనిలువుగా ఉంటుంది, అందుకని ఆ ఎడమంతా ఎత్తుగా మారుతుంది. హైదరాబాదులో సూర్యుడు 6:40కి మునిగాక, 7:10కి రెండున్నర పిడికిళ్ళ ఎత్తులో, సూర్యుడు మునిగిన చోటుకు నేరుగా పైన ఉంటాడు. దిగేసరికి తొమ్మిది. జూన్ 9న గురుడు పక్కకు వస్తాడు, ఇద్దరి మధ్య 1.6 డిగ్రీలు, అంటే బొటనవేలి చాటున ఇద్దరూ దాగిపోతారు. రెంటిలో ఆరు రెట్లకు పైగా వెలిగేది శుక్రుడు. పునర్వసు నక్షత్రాలు పక్కనే, బుధుడు వాళ్ళ కింద దిగంతానికి దగ్గరగా. ఆ తర్వాత గురుడు రోజురోజుకూ కిందికి జారిపోతాడు. జూన్ 17 సాయంత్రం నెలవంక శుక్రుడికి దగ్గరగా ఉంటుంది. ఇవన్నీ నైరుతి రుతుపవనాలు మన మీదికి వచ్చే రోజులే, అదొక్కటే బాధ.

గరిష్ఠ దూరం ఆగస్టు 15న, దాదాపు 46 డిగ్రీలు. దూరం గరిష్ఠం కదా అని ఎత్తూ గరిష్ఠం అనుకోకండి. ఆగస్టు, సెప్టెంబరు సాయంత్రాల్లో గ్రహాల దారి ఎడమకు వాలిపోతుంది. 46 డిగ్రీల ఎడం ఉన్నా సూర్యుడు మునిగే వేళకు హైదరాబాదులో ఎత్తు 34 డిగ్రీలే, రెండు గంటల ఇరవై అయిదు నిమిషాల్లో దిగిపోతాడు. మనకు అది పెద్ద నష్టం కాదు. అసలు దెబ్బ ఉత్తరాన ఉన్నవాళ్ళకు. అదే రోజు డల్లాస్‌లో ఉన్న తెలుగువారికి సూర్యాస్తమయాన 25 డిగ్రీలు, లండన్‌లో ఉన్నవాళ్ళకు 11, 12 డిగ్రీలు, గంటా పావులో అస్తమయం. "ఇక్కడ భలే కనిపిస్తోంది, నువ్వూ చూడు" అని నల్గొండ నుంచి లండన్‌కు వీడియో కాల్ చేస్తే అక్కడ ఎదురింటి కప్పు తప్ప ఏమీ కనబడకపోవడానికి కారణం ఈ వాలే. ఊరు మారితే యాప్‌లో ఊరు మార్చుకోవాలి, ఇక్కడి ఎత్తులు అక్కడ చెల్లవు.

ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో శుక్రుడు చిత్తా నక్షత్రం పక్క నుంచి వెళతాడు. అత్యధిక ప్రకాశం సెప్టెంబరు మూడో వారంలో. అప్పుడు నేరుగా పడమట వెతకకండి, సూర్యుడు మునిగిన చోటుకు మూడు పిడికిళ్ళు ఎడమన, నైరుతి వైపు. ఆ వేళకు అతని బిళ్ళలో వెలిగేది పావు భాగమే. పావు వంతు వెలిగి అత్యధిక ప్రకాశం ఏమిటని అడగొచ్చు. అవతలి వైపు ఉన్నప్పుడు శుక్రుడు మనకు సుమారు 26 కోట్ల కిలోమీటర్ల దూరం, ఇవతలి వైపు వచ్చేసరికి 4 కోట్ల చిల్లర. బిళ్ళ పెరిగే లాభం ముందు నడుస్తుంది, వెలిగే భాగం సన్నబడే నష్టం వెనక నడుస్తుంది. సూర్యుడి ఇవతలికి రావడానికి అయిదు వారాల ముందు దాకా లాభమే గెలుస్తుంది.

నిజం చెప్పాలంటే మన ప్రాంతానికి 2026 రెండో రకం సీజన్, ఎత్తుగా ఉన్న నెలల్లో సగం వానలకు పోతాయి. మొదటి రకం 2028. 2020 లాక్‌డౌన్ సాయంత్రాల్లో బాల్కనీల నుంచి అంత ఎత్తున కనిపించిన చుక్క శుక్రుడే, ఆ ఏప్రిల్ 3న కృత్తికల్లోంచి నడిచాడు. ఎనిమిదేళ్ళు కలపండి: 2028 ఏప్రిల్ మొదటి వారంలో మళ్ళీ కృత్తికల్లో. వానలుండవు, గ్రహాల దారి నిట్టనిలువు, సూర్యుడి తర్వాత మూడు గంటల పైన.

ఎప్పుడు చూడకూడదో మీ గోడ మీది పంచాంగం చెబుతుంది. శుక్ర మౌఢ్యమి, వాడుకలో మూఢం, పెళ్ళి ముహూర్తాలు ఆగిపోయే రోజులు. ఖగోళంలో దాని అర్థం శుక్రుడు సూర్యుడి కాంతిలో కలిసిపోయి కంటికి ఆనడని. సూర్యసిద్ధాంతం దీనికి అంకె ఇచ్చింది: శుక్రుడు అవతలి వైపు చిన్నగా ఉన్నప్పుడు 10 కాలాంశలు, ఇవతలి వైపు పెద్దగా ఉన్నప్పుడు 8. ఒక కాలాంశ అంటే 4 నిమిషాలు. సాయంత్రపు మూఢం వదిలిన రోజున శుక్రుడు సూర్యుడి తర్వాత సుమారు 40 నిమిషాలకు మునుగుతాడన్నమాట. బిళ్ళ పెద్దదైతే సూర్యుడికి మరింత దగ్గరలోనూ కనిపిస్తాడని గమనించి, రెండు వేర్వేరు అంకెలు పెట్టిన చూపుకు దండం పెట్టాలి. అవతలి వైపు మూఢం సుదీర్ఘం, 2025 నవంబరు చివరి వారం నుంచి 2026 ఫిబ్రవరి మధ్య దాకా నడిచింది, ఎందుకంటే అక్కడ ఎడం రోజుకు పావు డిగ్రీ చొప్పునే మారుతుంది. ఇవతలి వైపు రోజుకు డిగ్రీన్నర మారుతుంది, పది పదిహేను రోజుల్లో ముగుస్తుంది. మూఢం వదిలిన మర్నాడే చూడాలని పట్టుబట్టకండి. సిద్ధాంతపు అంకె శుభ్రమైన దిగంతానికి, మన ధూళికి ఇంకో వారం కలుపుకోవాలి.

బైనాక్యులర్ గురించి. 7×50 గానీ 10×50 గానీ తీసుకోండి (మొదటి అంకె ఎన్ని రెట్లు పెంచుతుందో, రెండోది ముందు లెన్సు వెడల్పు మిల్లీమీటర్లలో). నెలవంకలా మారిన శుక్రుణ్ణి చూడాలంటే 10 రెట్లది మేలు. ఎర్రటి పూతతో మెరిసే లెన్సులున్న చవక రకం వద్దు, ఆ పూత రంగును పాడుచేయడం తప్ప చేసేదేమీ లేదు. సూర్యుడు పూర్తిగా మునిగాడని రూఢి చేసుకున్నాకే కంటికి పెట్టుకోండి. దిగంతం మీద సూర్యుడి అంచు మిగిలి ఉండగా బైనాక్యులర్‌తో ఆ దరిదాపుల్లో వెతికితే కన్ను పోతుంది, ఇందులో రాయితీ లేదు. పిల్లలకు ఇచ్చేటప్పుడు పక్కనే ఉండండి.

నెలవంక ఆకారం కనబడాలంటే చీకటి పడేదాకా ఆగకూడదు, జనం ఇక్కడే తప్పు చేస్తారు. నల్లటి ఆకాశంలో శుక్రుడు కళ్ళు చెదిరే వెలుగు ముద్ద, ముళ్ళు ముళ్ళుగా చిమ్ముతాడు, ఆకారం తెలియదు. సూర్యుడు మునిగిన పది నిమిషాల నుంచి పాతిక నిమిషాల లోపు, ఆకాశం ఇంకా వెలుతురుగా ఉన్నప్పుడు చూస్తే ఆ మిరుమిట్లు తగ్గి అంచులు కోసినట్టు కనిపిస్తాయి. ముందు దూరంలోని సెల్‌టవర్ కొసకు ఫోకస్ చేసి, తర్వాత శుక్రుడి మీదికి తిప్పండి, చిన్న సవరింపు చాలు. మోచేతులు పిట్టగోడ మీద ఆనించండి, లేదా బైనాక్యులర్ కింద నిలువుగా ఒక కర్ర పెట్టి దాని మీద బరువు మోపండి. చేతి వణుకు 10 రెట్లయ్యాక నెలవంక కాస్తా గీతలా సాగుతుంది. దృష్టిలో వంకర దోషం (ఆస్టిగ్మాటిజం) ఉన్నవాళ్ళు కళ్ళద్దాలు తియ్యకూడదు, ఆ దోషాన్ని ఫోకస్ చక్రం సరిచెయ్యలేదు.

2026 అక్టోబరు మొదటి వారంలో శుక్రుడి బిళ్ళ సుమారు 50 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). 10 రెట్లలో అది మామూలు కంటికి కనిపించే చందమామలో పావు వంతు వెడల్పు. వెలిగేది ఎనిమిదో వంతు మాత్రమే, గోరు కత్తిరించి పారేసిన ముక్కలా సన్నగా, కొసలు పైకి ఎడమకు తిరిగి, వీపు మునిగిన సూర్యుడి వైపు. ఏప్రిల్లో అదే బైనాక్యులర్‌తో చూసి ఏమీ లేదని పక్కన పెట్టేసినవాళ్ళు అక్టోబరులో మళ్ళీ తియ్యాలి. ఏప్రిల్లో బిళ్ళ 11, 12 ఆర్క్‌సెకన్లే, దాదాపు నిండుగా, అప్పుడు టెలిస్కోప్‌లోనూ తెల్లటి చుక్కే. 60 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోప్, 50 రెట్లు ఉంటే జూలై నుంచే కళలు తెలుస్తాయి. గెలీలియో 1610లో చూసింది ఈ కళలనే. ఆగస్టులో ఒక సరదా పని ఉంది: లెక్క ప్రకారం సరిగ్గా సగం వెలగాల్సిన తేదీకి కొద్ది రోజుల ముందే కంటికి సగంగా కనిపిస్తుంది. జర్మన్ ఖగోళ పరిశీలకుడు ష్రోటర్ 1793లో గమనించిన ఈ తేడాను రోజూ ఒక బొమ్మ గీసుకుంటూ మీరే పట్టుకోవచ్చు. నేలకు దగ్గరయ్యాక చూస్తే ఒక అంచున ఎరుపు, ఇంకో అంచున నీలం కనిపిస్తాయి, అది లెన్సు లోపం కాదు, గాలి పట్టకంలా పనిచెయ్యడం.

ఫోన్ కెమెరా ఆకారం చూపించదు, ఆశ పెట్టుకోకండి. జూమ్ చేస్తే వచ్చే పెద్ద తెల్ల గుండ్రం ఎక్స్‌పోజర్ ఎక్కువై చిందిన వెలుగే. ఫోన్‌తో బాగా వచ్చేది సంధ్యాకాశంతో కలిసిన దృశ్యం: ట్రైపాడ్ గానీ ఇటుకల ఆసరా గానీ, ప్రో మోడ్, ఐఎస్ఓ 100 లేదా 200, అర సెకను నుంచి 2 సెకన్లు, మాన్యువల్ ఫోకస్ అనంతం మీద, 3 సెకన్ల టైమర్. ఫొటోలో ఇంకో చుక్క కనిపించి కొత్త గ్రహం అనిపిస్తే, చిత్రం నడిమధ్య నుంచి శుక్రుడికి ఎదురు దిక్కున అంతే దూరంలో ఉందేమో చూడండి. ఉంటే అది లెన్సు లోపలి ప్రతిబింబం.

మొదట్లో యాప్ తప్పు చూపించిందన్నాను. తప్పు స్టెల్లేరియం లాంటి యాప్ లెక్కలో ఉండదు, ఫోన్ దిక్సూచిలో ఉంటుంది. అయస్కాంతం మూత ఉన్న ఫోన్ కవరు, డాబా స్లాబులోని ఇనుప చువ్వలు, ఆనుకుని నిలబడిన ఇనుప రెయిలింగు, ఇవన్నీ దాన్ని పక్కకు లాగుతాయి. కవరు తీసేసి, రెయిలింగుకు రెండడుగులు దూరం జరిగి, ఫోన్‌ను గాలిలో 8 అంకె గీసినట్టు నాలుగైదుసార్లు తిప్పండి. అప్పటికీ కుదరకపోతే దిక్సూచి ఆపేసి, మ్యాపులో సూర్యుడు మునిగిన చోటును ఎదుటి దృశ్యంతో చేత్తో సరిపెట్టుకోండి. ఆ పద్ధతి ఎప్పుడూ పొరబడదు.

పట్టపగలు శుక్రుణ్ణి చూడొచ్చంటే నమ్మనివాళ్ళు 2026 ఆగస్టులో ప్రయత్నించాలి. ఆగస్టు మధ్యలో హైదరాబాదులో మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు శుక్రుడు సరిగ్గా దక్షిణాన, దాదాపు ఏడు పిడికిళ్ళ ఎత్తులో ఉంటాడు. సూర్యుడు గోడ చాటుకు పోయేలా నీడలో నిలబడండి. వాన వెలిసి ధూళి కడుక్కుపోయిన ముదురు నీలం ఆకాశం దొరికితే సగం పని అయినట్టే. మిగతా సగం కంటి ఫోకస్. పట్టుకోవడానికి ఏమీ లేని ఖాళీ ఆకాశంలో కన్ను దగ్గరికి ఫోకస్ చేసేసుకుంటుంది, చుక్క ఎదురుగా ఉన్నా కనిపించదు. ముందు దూరపు మేఘం అంచును చూసి, చూపు అలాగే నిలిపి శుక్రుడున్న చోటుకు జరపండి. ఒకసారి దొరికాక ఇంతసేపు ఎలా కనబడలేదా అనిపించేంత స్పష్టంగా ఉంటుంది. తల తిప్పితే మాత్రం మళ్ళీ పోతుంది, అందుకే పిట్టగోడ మూలతో గురుతు పెట్టుకోండి.

2026 అక్టోబరు మధ్య తర్వాత సాయంత్రం వెతకడం మానెయ్యవచ్చు. అక్టోబరు 24న శుక్రుడు సూర్యుడికి 6 డిగ్రీలు దక్షిణంగా దాటుతాడు. సరిగ్గా సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటడం అరుదు. 1874 డిసెంబరు 9న అలా దాటినప్పుడు విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు చూసి నమోదు చేశారు. మన కాలంలో 2004లోనూ 2012లోనూ జరిగింది, ఇక 2117 దాకా లేదు. నవంబరు మొదట్లో అదే శుక్రుడు తూర్పున, సూర్యుడి కంటే ముందు లేస్తాడు. తెలుగువాళ్ళం వేగుచుక్క అని పిలుచుకునేది అప్పుడే. డిసెంబరు మొదట్లో సూర్యోదయానికి మూడు గంటల ముందే వచ్చేస్తాడు కాబట్టి పూర్తి చీకట్లో చూసే అవకాశం ఉంటుంది. చంద్రుడు లేని రోజు, వీధిదీపం లేని పొలం గట్టు మీద, నాలుగున్నర ప్రాంతంలో తూర్పుకు వీపు పెట్టి నిలబడి, తెల్ల కాగితాన్ని మీ ఒంటి నీడ పడకుండా కాస్త పక్కగా పట్టుకుని దానికి జానెడు ఇవతల చెయ్యి అడ్డం పెట్టండి. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు ఇవ్వండి, ఈలోగా ఫోన్ తెరవొద్దు. కాగితం మీద మీ వేళ్ళ నీడ పడుతుంది. కనబడకపోతే చేతిని మెల్లగా అటూ ఇటూ ఊపండి, కదలని నీడ కంటే కదిలే నీడ కంటికి త్వరగా చిక్కుతుంది.